క్రుంగిన బంపరు, బైండింగు తీగె



గత నెల ఈ పుటలో ఇంటి నీళ్ల మోటారు సంగతి వ్రాసినాము. ఈ నెల వర్షానికి కారే పైకప్పు గురించి వ్రాస్తామని మాట యిచ్చినాము గాని, దానిని ఒక నెల వెనుకకు జరిపి, బండి వెనుక బంపరు గురించి వ్రాయవలసి వచ్చినది. కారణము చెప్పుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయినను చెప్పుచున్నాము. మా పాఠకులలో ట్రాలీ ఆటో గలవారు, పికప్పు గలవారు, కూరగాయల బండి నడుపుకొనువారు అనేకులు కలరు. మేము చేసిన తప్పునే చేయుచున్నవారు వారిలో కొందరైనా ఉందురని మా అనుమానము.

మా సంఘమునకు ఒక పాత పికప్పు బండి కలదు. సెకండ్ హ్యాండులో కొన్నది. పల్లెలలో జరుగు కూటములకు కుర్చీలు, షామియానా, మైకు సెట్టు, వంటపాత్రలు మోయుట దాని పని. దాని వెనుక బంపరు కంపెనీ వారు ఇచ్చినది కాదు. బాడీ కట్టినవారు ఇనుప చానల్ ముక్క ఒకటి తీసికొని, రెండు బ్రాకెట్లతో చాసీకి బిగించినారు. మన వైపు తిరిగే పికప్పులలో చాలావాటికి ఇటువంటిదే ఉంటుంది.

మొదట ఎడమ ప్రక్క రెండు వ్రేళ్ల మందము క్రుంగినది. చూచినాము, ఊరకున్నాము. కొంతకాలమునకు నాలుగు వ్రేళ్లయినది. అప్పుడు మా యౌవనస్థులలో ఒకరు బైండింగు తీగె తెచ్చి, రెండు పేటలుగా పెనవేసి, బంపరును పైకి లాగి వెనుక తలుపు కొక్కెమునకు కట్టినాడు. దూరము నుండి చూస్తే బంపరు సమముగానే కనబడినది. "బాగున్నది తమ్ముడా" అని మేమే మెచ్చుకొన్నాము. ఆ తీగె తొమ్మిది నెలలు ఉన్నది. నడుమ రెండుసార్లు తెగినది, రెండుసార్లు మరల కట్టినాము. ఒక్కసారియైనా క్రిందికి వంగి, అసలు ఎందుకు క్రుంగినదో చూడలేదు.

2024 ఆగస్టులో ఒక సాయంకాలము నర్సంపేట వైపు ఒక పల్లెలో కూటము ముగించుకొని వరంగల్లుకు తిరిగి వచ్చుచున్నాము. సన్నని వాన. గీసుగొండ ప్రాంతములో ఒక స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరి పడగానే వెనుక టంగుమని శబ్దమైనది. తీగె తెగి బంపరు ఎడమ కొస రోడ్డు మీద పడి, నిప్పురవ్వలు లేపుచు ఈడ్చుకొనిపోవుచున్నది. మా వెనుక ఒక మోటారు సైకిలు వచ్చుచున్నది. భార్యాభర్తలు, ముందు ట్యాంకు మీద ఆరేడేండ్ల పాప. ఆయన తప్పించబోయి రోడ్డు ప్రక్క బురదలోనికి దిగి పడిపోయినాడు.

పాపకు మోచేయి చెక్కుకొనిపోయినది. ఆయన మోకాలికి మూడు కుట్లు పడినవి. ఆ తల్లికి దెబ్బ తగలలేదు. ఆమె పాపను ఎత్తుకొని మా బండి వెనుకకు వచ్చి, తెగి వ్రేలాడుచున్న తీగెను చేతితో పట్టుకొని చూచి, "గిది ఊడేటట్టున్నదని మీకు ఎరుకలేదా అయ్యా?" అని అడిగినది. కోపముగా కూడ అడుగలేదు. ఎరుకే. తొమ్మిది నెలలుగా ఎరుకే. ఆమెకు ఏమియు చెప్పలేక, ముందు వారిని దవాఖానకు తీసికొనిపోయినాము.

ఆ కుటుంబము పోలీసు స్టేషనుకు పోలేదు. వైద్యపు ఖర్చు మేమే భరించినాము. దానితో లెక్క తీరినదని మేము అనుకొనుట లేదు. తరువాత మోటారు వాహనముల చట్టమును తిరగవేసి చూచితే, 1988 నాటి ఆ చట్టములో 190వ సెక్షను మా కొరకే వ్రాసినట్లున్నది. లోపము గల బండిని, ఆ లోపము తెలిసియుండి గాని, సామాన్యమైన జాగ్రత్తతో తెలిసికొనగలిగియుండి గాని రోడ్డు మీద నడుపువాడు శిక్షకు పాత్రుడు. ఆ లోపము వలన ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు శిక్ష కూడ పడవచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దు సంగతి మేము ఎన్నిసార్లు చదివి వినిపించియుందుమో! ఎద్దు పొడుచునని యజమానునికి ముందే తెలియజేయబడినదా లేదా అనునదే అక్కడ కూడ ప్రశ్న. మా ఎద్దుకు మేమే తీగె కట్టి వీధిలోనికి తోలినాము.

ఇక పనిలోనికి వద్దాము.

బంపరు అనగానే మనకు లాటరీ బంపరు, బంపరు ఆఫరు, బంపరు పంట జ్ఞాపకము వచ్చును గాని, బండికున్న బంపరు బహు చిన్న ఉద్యోగి. నిదానముగా పోవునప్పుడు తగిలే దెబ్బను తాను తిని, వెనుక ఉన్న దీపములను, రేకును కాపాడుట దాని పని. అమెరికాలో 1973 మోడలు కార్ల నుండి ముందు బంపరు గంటకు 5 మైళ్లు, అనగా సుమారు 8 కిలోమీటర్ల వేగపు దెబ్బకు దీపములు మొదలగు ముఖ్య భాగములను కాపాడవలెనని నిబంధన పెట్టినారు. మన సైకిలు వేగము కూడ అంతకంటె ఎక్కువ! అదియైనను కార్లకే, పికప్పులకు కాదు.

పెద్ద లారీల వెనుక క్రింది భాగమున అడ్డముగా ఉండు ఇనుప కమ్మీ మాత్రము వేరు. దాని పని ప్రాణము కాపాడుట. 1967 జూన్ 29న తెల్లవారుజామున అమెరికాలోని లూసియానా రాష్ట్రములో జేన్ మాన్స్‌ఫీల్డ్ అను సినిమా నటి ప్రయాణించుచున్న కారు, ముందున్న ట్రెయిలరు లారీ వెనుక క్రిందికి దూరిపోయినది. ముందు సీటులోని ముగ్గురు పెద్దలును చనిపోయినారు. వెనుక సీటులోని ఆమె పిల్లలు ముగ్గురు బ్రదికినారు. నేటికిని ఆ దేశములో లారీ వెనుక కమ్మీని మాన్స్‌ఫీల్డ్ బారు అని పిలుచుట కలదు. మన దేశములో దీనికి ఐ.ఎస్. 14812 అను ప్రమాణము ఉన్నది. కమ్మీ అడుగు అంచు నేల నుండి 550 మిల్లీమీటర్లకు, అనగా సుమారు 22 అంగుళములకు మించి ఎత్తుగా ఉండరాదు. లారీ ఉన్న సహోదరులు ఒకసారి టేపు పెట్టి చూచుకొనగలరు. వెనుక నుండి వచ్చు కారు దాని క్రిందికి దూరకుండ ఆపునది అదే గనుక, ఎక్కడో తగిలి వంగినదని దానిని కోసి పారవేయరాదు.

మా పికప్పు చానల్ ముక్క ఆ కోవలోనికి రాదు. అయినను బిగింపు సరిగా లేని ఇనుము వెనుక వచ్చువానికి ఏమి చేయగలదో మేము చూచితిమి.

మరుసటి దినమే బండిని ఆటోనగరుకు తీసికొనిపోయినాము. అక్కడ ఒక ముసలి ఉస్తాదు ఉన్నాడు. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి, పత్తి మోసే బండ్లకు నలుబది ఏండ్లుగా బాడీ పని చేయుచున్నాడు. వెల్డింగు చేసి వెంటనే ఇయ్యమని మేము తొందరపెట్టినాము. ఆయన వెల్డింగు మిషను వైపు చూడనైనా లేదు. జేబులో నుండి కొలత టేపు తీసినాడు.

"పాస్టర్ సాబ్, బంపర్ వంగిందా, బండే వంగిందా? ముందు గది తేలాలె" అన్నాడు.

ఇది మాకు తోచని సంగతి. వెనుక కమాను పట్టీలలో ఒకటి విరిగినా, ఒక టైరులో గాలి తగ్గినా బండి మొత్తము ఒక ప్రక్కకు ఒరుగును. అప్పుడు బంపరు కూడ క్రుంగినట్లే కనబడును. అటువంటి బండికి బంపరు క్రింద వాషర్లు పెట్టి సరిచేసితిమా, కమాను మార్చిననాడు బంపరు రెండవ ప్రక్కకు ఒరుగును. కనుక బండిని ఖాళీ చేసి, సమమైన నేల మీద నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూచి, రెండు కొలతలు తీయవలెను. ఒకటి, నేల నుండి చాసీ వెనుక కొసల వరకు, కుడియెడమల. రెండు, చాసీ కొస నుండి బంపరు వరకు, కుడియెడమల. మా బండికి చాసీ రెండు ప్రక్కల సమానముగానే ఉన్నది. చాసీకి బంపరుకు నడుమ దూరము మాత్రము ఎడమ ప్రక్క రెండున్నర అంగుళములు ఎక్కువ. అప్పుడు గాని కమాను నిర్దోషి అని తేలలేదు.

తరువాత ఆయన క్రింద గోనెసంచి పరచుకొని దూరినాడు. మమ్మును కూడ దూరమన్నాడు. తెల్ల చొక్కాతో దూరినాము. టార్చి వెలుగులో చూచితే సంగతి అంతయు అక్కడ వ్రాసిపెట్టినట్లే ఉన్నది. ప్రక్కకు రెండు చొప్పున నాలుగు బోల్టులు ఉండవలెను. ఎడమ ప్రక్క ఒకటి లేనే లేదు. ఎప్పుడు జారిపడినదో, దాని రంధ్రము చుట్టు తుప్పు పాతబడి నల్లబారి యున్నది. రెండవది వదులై వ్రేలాడుచున్నది. అది అటునిటు కొట్టుకొని కొట్టుకొని బ్రాకెట్టు రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చినది. బ్రాకెట్టు మలుపు దగ్గర వెండ్రుక వాసి చీలిక. దానికిని చాసీకిని నడుమ ఎర్రమట్టి గట్టిపడి, వాన నీళ్లు పట్టుకొని, లోపలి నుండి తినుచున్నది.

"తీగె కట్టినంక ఎవ్వడన్న కిందికి వంగి చూస్తడా సాబ్? బంపర్ సక్కగనే కనవడె" అని నవ్వినాడు. మేము నవ్వలేదు.

ఎడమ ప్రక్కనే ఎందుకు? ఉస్తాదు దీనికి చెప్పిన జవాబు మాకు బాగా నచ్చినది. మన దేశములో బండి రోడ్డుకు ఎడమ ప్రక్కన ఆగును. ఎక్కువాడు, దిగువాడు, సామాను అందించువాడు, అందరును ఆ మూల మీదనే కాలు పెట్టుదురు. మా బండికి అది మెట్టు. హమాలీలు బస్తా వీపున పెట్టుకొని దాని మీదనే ఎక్కుదురు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పవలెను, పిల్లలు కూడ చేయవచ్చును. రెండు బ్రాకెట్ల నడుమ దూరము 3 అడుగులు, బంపరు కొస బ్రాకెట్టు దాటి అడుగున్నర బయటకు ఉన్నదనుకొనుడి. 60 కిలోల మనిషి ఆ కొసన నిలబడితే దగ్గరి బ్రాకెట్టు మీద పడు బరువు 60 కాదు, 90 కిలోలు. అవతలి బ్రాకెట్టును 30 కిలోల బలము పైకి ఎత్తును. బడిలో పిల్లలు ఆడుకొను తూగుబల్ల న్యాయమే ఇది. అందుకనే మా బండికి బోల్టులు గట్టిగా ఉన్న కుడి బ్రాకెట్టు కూడ కొద్దిగా మెలి తిరిగి యున్నది. ఆ మనిషి వీపున 40 కిలోల బస్తా ఉంటే ఎడమ బ్రాకెట్టు మీద 150 కిలోలు. బండి నడుచుచుండగా ఎవరైనా అక్కడ నిలబడితే గుంతగుంతకు ఆ బరువు ఇంకను హెచ్చును. మా యౌవనస్థులు అట్లు నిలబడి పాటలు పాడుచు వచ్చిన దినములు కలవు. సామాను బండిలో మనుష్యులను ఎక్కించుటయే చట్టమునకు విరుద్ధము, బంపరు మీద నిలబెట్టుట సంగతి చెప్పనక్కరలేదు. ఆ రెండును ఇప్పుడు మానివేసినాము.

విప్పుట ఒక దినము పని అయినది. తుప్పుపట్టిన నట్టును బలముతో తిప్పితే బోల్టు మెడ విరుగును, లేదా నట్టు మూలలు అరిగి పానా జారును. ఉస్తాదు వైరు బ్రష్షుతో మరలు శుభ్రము చేసి, డీజిలు, కొంచెము ఇంజను ఆయిలు కలిపి పోసి, రాత్రియంతా నాననిచ్చినాడు. ఉదయము రింగు పానా వేసి, ఒకసారిగా తిప్పక, ముందు బిగించు వైపు ఒక పిసరు, తరువాత విప్పు వైపు, మరల బిగింపు వైపు, ఇట్లు ఊపుచు విప్పినాడు. మూడు వచ్చినవి. వాటిలో ఒకదానికి మాత్రము గ్రైండరు పెట్టి తల కోయవలసి వచ్చినది. గ్యాసు మంటతో వేడి చేస్తే త్వరగా వచ్చునుగదా అని అడిగితిమి. స్టెప్నీ టైరు పైననే ఉన్నది, దీపముల వైర్లు ప్రక్కనే పోవుచున్నవి, డీజిలు ట్యాంకు దూరమేమియు కాదు అని వ్రేలుతో చూపినాడు.

ఇంటి దగ్గర ఈ పని చేయబూనువారికి రెండు మాటలు. ముందు చక్రములకు రాళ్లు అడ్డముగా పెట్టి, హ్యాండు బ్రేకు లాగి, గేరులో ఉంచుడి. జాకీ మీద మాత్రమే నిలిచియున్న బండి క్రిందికి ఎంతమాత్రము దూరవద్దు, స్టాండ్లు గాని గట్టి కర్ర దిమ్మెలు గాని పెట్టిన తరువాతనే దూరవలెను. చివరి బోల్టు విప్పుటకు ముందు బంపరు క్రింద కూడ రెండు ప్రక్కల దిమ్మెలు పెట్టుడి. చానల్ ముక్క చూచుటకు చిన్నదే గాని, పాదము మీద పడినప్పుడు దాని బరువు తెలియును.

చీలిన బ్రాకెట్టును అతుకు వేయుటకు ఉస్తాదు ఒప్పుకొనలేదు. చీలిక మీద వెల్డింగు వేస్తే దాని ప్రక్కనే మరల చీలునని ఆయన అనుభవము. క్రొత్త పట్టీ, పాతదానికంటె మందమైనది, 8 మిల్లీమీటర్లది కోసి, వంచి, మలుపు లోపల త్రికోణపు ముక్క ఒకటి పెట్టి వెల్డింగు చేసినాడు. పుస్తకముల అల్మారాకు గోడలో బిగించు బ్రాకెట్టుకు మూలన అడ్డపట్టీ ఉండును చూడుడి, అదే ఇది. ఆ చిన్న ముక్క లేనందుననే పాత బ్రాకెట్టు మలుపు దగ్గర అలసిపోయినది. కుడి బ్రాకెట్టును కూడ అదే కొలతకు క్రొత్తది చేయించినాము. ఒకటి క్రొత్తది ఒకటి పాతది అయితే క్రొత్తది పాతదానిని త్వరగా చంపును.

ఈ వెల్డింగు అంతయు బ్రాకెట్లను బల్ల మీద పెట్టి చేసినదే, బండి మీద కాదు. బండి మీదనే చేయవలసివస్తే బ్యాటరీ మైనస్ తీగె ముందుగా విప్పవలెను. లేనియెడల వెల్డింగు కరెంటు వైర్లలో పడి ఆల్టర్నేటరును, నేటి బండ్లలోని కంప్యూటరు పెట్టెను కాల్చివేయవచ్చును. ఎర్తు క్లాంపు వెల్డింగు చేయు చోటికి వీలైనంత దగ్గర పట్టించవలెను. స్టెప్నీ దించవలెను. ప్రక్కన బకెట్టు ఇసుక ఉండవలెను. చాసీకి క్రొత్త రంధ్రములు వేయుట, చాసీ మీదనే వెల్డింగు చేయుట మాత్రము కంపెనీ పుస్తకము చెప్పిన చోట, చెప్పిన రీతిని తప్ప చేయించవద్దు. బండి బరువంతయు దాని మీదనే ఉన్నది. మా బండి చాసీ రంధ్రములు, దేవుని దయ వలన, గుండ్రముగానే మిగిలినవి. అరిగినది బ్రాకెట్టే.

బోల్టుల దగ్గర మాకొక పాఠము అయినది. మేము పోయి హార్డువేరు దుకాణములో మెరుగైన నాలుగు బోల్టులు కొని తెచ్చినాము. ఉస్తాదు వాటి తలలు చూచి, "ఇవి తలుపుల గడియలకు మంచిగుంటయ్ సాబ్" అని తిరిగి ఇచ్చినాడు. బోల్టు తల మీద చిన్న అంకెలు పోతపోసి ఉండును. 4.6, 8.8, 10.9 అని. మొదటి అంకెను నూరుతో గుణిస్తే ఆ ఇనుము ఒక చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల లాగుడుకు తెగునో తెలియును. చుక్క తరువాతి అంకె, తెగు బలములో ఎన్ని పదవ వంతుల దగ్గర అది సాగి తిరిగి రాకుండ పోవునో చెప్పును. 4.6 అనగా 400 దగ్గర తెగును, 240 దగ్గర సాగిపోవును. 8.8 అనగా 800 దగ్గర తెగును, 640 దగ్గర సాగును. చూపునకు రెండును ఒక్కటే, ధరలో తేడా కొద్ది రూపాయలు. మేము తెచ్చినవాటి తల మీద అంకెయే లేదు. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టులు నాలుగు, మందపు వాషర్లు, లోపల నైలాను రింగు ఉండు నైలాక్ నట్లు తెచ్చినాము. ఆ నట్టు కుదుపులకు తనంతట తాను తిరుగదు. పాత నట్లకు స్ప్రింగు వాషరు కూడ లేదు. మా కష్టమంతటికిని మొదలు ఆ లేని వాషరే. ఈ సామాను మొత్తము ఖర్చు ఒక ఆదివారము టీ బిస్కత్తుల ఖర్చుకు మించలేదు.

బిగించుటలో కూడ వరుస ఉన్నది. నాలుగు బోల్టులను చేతితో తిరుగునంత మట్టుకే ముందుగా ఎక్కించవలెను. బంపరు క్రింద దిమ్మెలతో ఎత్తుచు దించుచు, చాసీ నుండి దూరము రెండు ప్రక్కల ఒక్కటగువరకు సరిచూడవలెను. నేల నుండి కొలిస్తే నేల మోసగించవచ్చును, చాసీ నుండి కొలువుడి. అప్పుడు ఎడమ పైది, కుడి క్రిందిది, కుడి పైది, ఎడమ క్రిందిది, ఇట్లు ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించవలెను. ఒక ప్రక్క పూర్తిగా బిగించి రెండవ ప్రక్కకు పోతే బంపరు మెలిపడి, బోల్టు పుట్టుకతోనే బరువుతో పుట్టును. దానికి ముందే బ్రాకెట్టును, చాసీని తాకు చోట తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, ఆరిన తరువాతనే కలిపినాము. చానల్ అడుగున నీరు దిగు రంధ్రములు రెండు మట్టితో మూసుకొనిపోయి యున్నవి, వాటిని పొడిచి తెరచినాము.

కారు గలవారు మీకేమి వ్రాసితిరి అని అడుగుదురేమో. మీ ప్లాస్టికు బంపరు నిజమునకు బంపరు కాదు, ముసుగు. అసలు ఇనుప దూలము లోపల ఉండును. ముసుగు క్రుంగినదంటే సామాన్యముగా మూలలలోని ప్లాస్టికు క్లిప్పులో, మడ్గార్డు దగ్గర దానిని పట్టు పట్టీయో విరిగినది. అవి విడిగా దొరకును. పై నుండి స్క్రూ కొట్టించవద్దు, ప్లాస్టికు ఆ రంధ్రము నుండియే చీలును. గట్టి దెబ్బ తగిలిన తరువాత క్రుంగినదైతే ముసుగు తీయించి దూలము చూపించుకొనుడి.

ముందు ప్రక్క పెద్ద పెద్ద ఇనుప గొట్టముల గార్డులు బిగించుకొనువారికి ఒక మాట చెప్పి ముందుకు పోదుము. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వాటిని తీయించుమని రాష్ట్రములకు వ్రాసినది. చట్టములోని 52వ సెక్షనుకు అవి విరుద్ధము. బండి తాను నలిగి తినవలసిన దెబ్బను అవి నేరుగా చాసీకి అందించును, నడిచిపోవువారికి తగిలితే వారి గతి చెప్పనక్కరలేదు.

చివరగా ఉస్తాదు చిన్న పెయింటు డబ్బా తీసి, బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు కొస వరకు పసుపుపచ్చని గీత ఒకటి గీసినాడు. నట్టు తిరిగితే గీత విరిగి కనబడును. పానా లేకుండ, చదువు రాకపోయినను, వంగి చూచినవానికి తెలిసిపోవును. నూరు కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల రమ్మన్నాడు, ఎందుకనగా క్రొత్త పెయింటు నలిగి బిగింపు కొంచెము సడలును. పోయినాము. రెండు నట్లు పావు చుట్టు తిరిగినవి. వాటికి క్రొత్త గీతలు గీసినాడు. మూడవసారి పోయినప్పుడు ఒక్కటియు కదలలేదు.

ఇప్పుడు బండి తీయు ప్రతి శనివారము ఒకరు వంగి నాలుగు గీతలు చూచి, తాళపుచెవి దగ్గర వ్రేలాడు నోటుబుక్కులో తేదీ వేయుచున్నారు. వంతు మాది కూడ వచ్చును. ఎక్కుటకు వేరుగా మడత మెట్టు ఒకటి చేయించినాము, అది చాసీ అడ్డదూలమునకు బిగించినది. బంపరు మీద "కాలు పెట్టరాదు" అని వ్రాయించినాము గాని, దానిని చదువుచు దాని మీదనే కాలు పెట్టువారు కలరు.

కుట్లు విప్పిన వారమునకు ఆ కుటుంబమును చూచుటకు వారి ఊరికి అదే బండిలో పోయినాము. పాప మోచేతి మీద పొక్కు రాలి లేత చర్మము వచ్చినది. ఆమె టీ పెట్టినది. మేము త్రాగుచుండగా ఆయన ఏమియు చెప్పక లేచి బయటకు పోయినాడు. మేమును వెంట పోయినాము. మోకాలు ఇంకను పూర్తిగా వంగుట లేదు గనుక ఒక చేయి బండి మీద ఆనించి, కాలు చాపి, మెల్లగా క్రిందికి వంగి లోపలికి చూచినాడు. చేయి పెట్టి ఒక్కొక్క నట్టును పట్టి ఊపినాడు. నాలుగింటిని ఊపినాడు.

"ఈ పచ్చగీత ఎందుకయ్యా?" అని అడిగినాడు. చెప్పినాము. తన మోటారు సైకిలు స్టాండు బోల్టు కూడ వదులైనదని, ఆ పెయింటు ఎక్కడ దొరకునని అడిగినాడు.